సెయింట్ పాల్‌లో మొదటి చలికాలం, ఒకే జీతం: ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

కొత్తూరు అమ్మాయి:

నమస్కారమండీ. మా వారి ఉద్యోగం మారడంతో జులైలో నార్త్ కరోలినా నుంచి మిన్నెసోటాకు, సెయింట్ పాల్‌కు వచ్చాం. అద్దెకు దొరికింది పాత చెక్క ఇల్లు. 1920ల్లో కట్టిందట. కింద హాలు, వంటిల్లు, పైన రెండు పడకగదులు, అడుగున సిమెంటు నేల ఉన్న బేస్‌మెంటు. కిటికీలు మొత్తం పదమూడు. అన్నీ చెక్కవే, నాలుగైదు సరిగా మూసుకోవు. గ్యాసు, కరెంటు బిల్లులు మేమే కట్టుకోవాలి. ఇంతకుముందు ఇక్కడ ఉన్నవాళ్లకు జనవరిలో ఎంత బిల్లు వచ్చేదో పక్కింటావిడ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు, అందుకని మా వారి జీతంతోనే అన్నీ గడవాలి. బాబుకు మూడేళ్లు. నవంబరులో మా అత్తగారు తెనాలి నుంచి వస్తున్నారు, ఎండలు వచ్చేవరకు మాతోనే ఉంటారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ధనుర్మాసం చలికే స్వెటరు, మంకీ క్యాపు తీయరు. అలాంటి మనిషిని ఇంత చలిలోకి పిలిచి ఇబ్బంది పెడతానేమోనని దిగులుగా ఉంది.

మా వారి ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. గదికో హీటరు కొనమని ఒకరు, జనరేటరు లేకపోతే కష్టమని ఇంకొకరు, కిటికీలన్నీ మార్పించమని మరొకరు. అవన్నీ మా తాహతుకు మించినవి. తక్కువ డబ్బుతో, నా చేతులతో నేను చేసుకోగలిగిన పనులు ఏవి? ఏది ముందు, ఏది తర్వాత? మంచు తుపాను వచ్చి నాలుగైదు రోజులు గడప దాటలేకపోతే, కొట్టుకు వెళ్లకుండా ఇల్లు గడవాలంటే ఏమేం నిల్వ చేసుకోవాలి? కుండీల్లో గోంగూర, టమాటా, మిరప మొక్కలు ఉన్నాయి. కరోలినా నుంచి కారు వెనక సీట్లో పెట్టుకుని తెచ్చుకున్న కరివేపాకు చెట్టు ఒకటి ఉంది. దాన్ని ఎలాగైనా బతికించుకోవాలి.

ఏళ్ల తరబడి ఇక్కడ ఉంటున్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.


పెరటి గోంగూర:

అమ్మాయీ, సెప్టెంబరు మొదట్లోనే అడిగావు, మంచి పని చేశావు. ఇక్కడ చాలామందికి మొదటి మంచు పడితే గానీ ఈ ఆలోచన రాదు. 1991లో అక్టోబరు 31న మొదలైన తుపాను మినియాపొలిస్, సెయింట్ పాల్ మీద 28 అంగుళాల మంచు కురిపించింది. ఈ రాష్ట్రంలోనే ఉత్తరాన ఉన్న డులూత్‌లో దాదాపు 37 అంగుళాలు. మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట తెస్తారు. అందుకని నా లెక్కలో దసరా, దీపావళి పండగల మధ్యే ఈ పనులన్నీ తెమిలిపోవాలి.

నేను పుట్టింది పల్నాడులో మిరప పండించే ఇంట్లో. మా అమ్మ ఎండాకాలమంతా వానాకాలం కోసమే పనిచేసేది. వడియాలు, ఒరుగులు, ఊరగాయలు, పిడకలు, చూరు కింద పేర్చిన ఎండు కట్టెలు. ముసురు పట్టిందంటే ఎవరినీ చేయిచాచి అడగకుండా ఇల్లు నడిచేది. ఇక్కడ నేను చేస్తున్నదీ అదే, నెలలు మారాయి అంతే. అయితే మా అమ్మకు తిండి మొదటిది. ఇక్కడ తిండి రెండోది, గాలిని ఆపడం మొదటిది.

హీటర్ల మాట పక్కన పెట్టు. 1500 వాట్ల హీటరు గంటకు ఒకటిన్నర యూనిట్ల కరెంటు తాగుతుంది. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే 12 యూనిట్లు, నెలకు 360. గదికొకటి అంటే ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో. ఇక్కడ అదే వేడి గ్యాసుతో చాలా చవకగా వస్తుంది. పైగా సందుల్లోంచి వేడి పోతున్నంతకాలం ఎన్ని హీటర్లు పెట్టినా తీరదు. ముందు ఆ సందులు ఎక్కడున్నాయో పట్టుకోవాలి. దానికి పనిముట్టు నీ దేవుడి గూట్లోనే ఉంది.

బయట గాలి బాగా వీచే రోజు చూసుకో. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపి, వంటింట్లో పొగ బయటికి లాగే ఫ్యాను ఒక్కటే వెయ్యి. అది లోపలి గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు తీర్చడానికి బయటి గాలి ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది. అప్పుడు అగరుబత్తి వెలిగించి, కర్టెన్లు దూరంగా జరిపి, కిటికీ చట్రం అంచు వెంట నెమ్మదిగా నడిపించు. పొగ నిటారుగా లేస్తే అక్కడ భయం లేదు. ఒక్కసారిగా వంగి చెదిరిపోయిందంటే అక్కడ సందు ఉన్నట్టే, పెన్సిలుతో చిన్న గీత పెట్టుకో. కిటికీలతో ఆగిపోకు. గోడ అడుగున చెక్క పట్టీ, బయటి గోడల మీద కరెంటు ప్లగ్గులు, సింకు కింద గొట్టం గోడలోకి దూరే చోటు, అటక మూత, ఉత్తరాలు వేసే కంత, బేస్‌మెంటులో పునాది గోడ మీద చెక్క మొదలయ్యే వరస, అన్నీ చూడు. పాత ఇళ్లలో ఆ అటక మూతలోంచి కూడా చాలా వేడి పోతుంది. వేడి గాలి పైకే కదా పోయేది.

గీతలు పెట్టిన చోట్లకు మందులు చవకే. చట్రం సందుల్లో తాడులా చుట్టి అమ్మే మెత్తని కాక్, అంటే సందులు పూడ్చే ముద్ద, వేలితో నొక్కుకుంటూ పో. వేసవిలో ఊడదీసేయొచ్చు, అద్దె ఇంటికి అదే సరైనది. ఆ తర్వాత కిటికీ మొత్తానికి లోపలి వైపు ప్లాస్టిక్ షీటు. దీన్ని చలి బాగా ముదరకముందే చెయ్యి. చెక్క చల్లబడిపోతే టేపు అంటుకోదు. చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. రెండు వైపులా జిగురున్న టేపు చుట్టూ అంటించి, షీటు పై నుంచి కిందికి పరిచి నొక్కు. అప్పటికి అంతా ముడతలు ముడతలుగా, ఇదేం పనికొస్తుంది అనిపిస్తుంది. హెయిర్ డ్రైయరు కాస్త దూరంగా పెట్టి మూలల నుంచి మధ్యకు వేడి తగిలించు. ముడతలన్నీ నీ కళ్ల ముందే పోయి షీటు మద్దెల తోలులా బిగుసుకుంటుంది. గాలి వీచే రాత్రి ఆ షీటు లోపలికి ఉబ్బడం చూస్తే, ఇంతకుముందు ఆ గాలంతా ఎవరి మీదికి వచ్చేదో తెలుస్తుంది. ఏప్రిల్‌లో తీసేటప్పుడు టేపును మళ్లీ డ్రైయరుతో వెచ్చచేసి లాగు, రంగు ఊడదు, అడ్వాన్సులో కోత పడదు. పడకగదుల్లో ఒక్కో కిటికీ మాత్రం షీటు లేకుండా వదిలి, దానికి కాక్ కూడా పెట్టకుండా మందపాటి కర్టెన్ వెయ్యి. నిప్పు అంటుకుంటే బయటపడడానికి దారి ఉండాలి.

తలుపు కిందికి పాత నూలు చీర చాలు. తలుపు వెడల్పుకు కొంచెం ఎక్కువగా గొట్టంలా కుట్టి, చిరిగిన బట్టల ముక్కలు గట్టిగా కూరి, అడుగున ఆనించు. మిగిలిన పాత చీరలు పారేయకు, బొంతలు కుట్టు. అత్తగారికి చేతనైతే ఆవిడ చేతికే సూది ఇవ్వు, నాలుగు గోడల మధ్య ఆవిడకూ పొద్దుపోతుంది.

దక్షిణం వైపు కిటికీల కర్టెన్లు పగలు తీసి ఉంచు, పొద్దు గుంకగానే వేసెయ్యి. ఇక ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టుకునే థర్మోస్టాట్ సంగతి. నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. రోజూ ఎనిమిది గంటలు ఏడు నుంచి పది డిగ్రీలు తగ్గిస్తే ఏడాది బిల్లులో పది శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. నిజమే, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అది చెయ్యాలి. మీ ఇంట్లో పెద్దావిడ, పసివాడు ఉంటారు. వయసు మళ్లినవాళ్లకు లోపలి చలి కూడా ప్రమాదమే, వాళ్లకు తెలియకుండానే ఒళ్లు చల్లబడుతుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ 68 ఫారెన్‌హీట్ కంటే తగ్గించకు. పొదుపు సందుల దగ్గర చెయ్యి, మనుషుల దగ్గర వద్దు.

ఇంటి యజమానితో ఈ నెలలోనే మాట్లాడు. 2024 నుంచి మిన్నెసోటా చట్టం ప్రకారం అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు అద్దె ఇంట్లో కనీసం 68 డిగ్రీల వేడి అందేలా చూడడం యజమాని బాధ్యత. కాబట్టి ఇంటిని వేడి చేసే ఫర్నేసును మనిషిని పిలిపించి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫిల్టరు మార్చడం మాత్రం నీ పనిగా పెట్టుకో, నెలకోసారి తీసి వెలుతురుకు పెట్టి చూడు. పడకగది గుమ్మానికి పది అడుగుల లోపు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉండాలన్నదీ ఇక్కడి చట్టమే. ఉందో లేదో ఇవాళే చూడు, మీట నొక్కి మోగుతుందో లేదో చూడు.

గ్యాసు కంపెనీకి ఫోను చేసి ఏడాది ఖర్చును పన్నెండు సమాన వాయిదాలుగా కట్టే పద్ధతి అడుగు. మొత్తం తగ్గదు గానీ జనవరిలో ఒక్కసారిగా మీద పడదు. తక్కువ రుసుముకు ఇంటికి వచ్చి గాలి ఎక్కడ పోతుందో పరికరాలతో పరీక్షించే మనుషుల్నీ ఇక్కడి కంపెనీలు పంపుతాయి. ఒకవేళ ఎప్పుడైనా కట్టలేని నెల వస్తే, కోల్డ్ వెదర్ రూల్ అని ఉంది. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 మధ్య, కంపెనీతో మాట్లాడి వాయిదాల ఒప్పందం చేసుకుని దాని ప్రకారం కడుతుంటే వేడి ఆపరు. బిల్లు చూసి భయపడి ఊరుకోకు, మనమే ముందు ఫోను చెయ్యాలి.

ఇక తిండి. మొదటి మంచు పడిన రాత్రితో గోంగూర కథ ముగుస్తుంది, తెల్లారేసరికి ఆకు నల్లబడి వేలాడుతుంది. సెప్టెంబరు మూడో వారం నుంచి రాత్రి ఉష్ణోగ్రత రోజూ చూస్తుండు. 36 అని చెప్పారంటే ఆ సాయంత్రమే మొత్తం కోసెయ్యి. కడిగి, పాత పంచె మీద నీడన పరిచి, చేత్తో పిడికిలి పట్టి వదిలితే తడి తగలనంతగా ఆరనివ్వు. నూనెలో ఆకు ముద్దయ్యేదాకా వేయించి, ఉప్పు కలిపి, చల్లారాక జాడీలో నొక్కి, పైన నూనె తేలేలా పోసి ఫ్రిజ్‌లో పెట్టు. ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి నూరుకునేది ఎప్పటికప్పుడే, కావలసినంతే. అలా చేస్తే ఫిబ్రవరిలోనూ ఆ పులుపు చెడదు.

టమాటాలు పచ్చివి కూడా అన్నీ కోసెయ్యాలి. నున్నగా, కాస్త తెల్లబారినవి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో బేస్‌మెంటులో పెట్టు, నవంబరు దాకా ఒక్కొక్కటే పండుతుంటాయి. గట్టి పచ్చివి పప్పులోకి, పచ్చడిలోకి. మిరపకాయలు తొడిమల దగ్గర దారానికి గుచ్చి వంటింట్లో వేలాడదియ్యి. ఫర్నేసు నడవడం మొదలయ్యాక ఇంట్లో గాలికి తడే ఉండదు, మనకు ఎండ చేసే పని అది చేస్తుంది.

కొనాల్సినవి సెయింట్ పాల్ రైతు బజారులో కొను. అక్కడ లావోస్ కొండల నుంచి వచ్చి స్థిరపడిన హ్మాంగ్ రైతులు ఎక్కువ. కాకరకాయలు, పొడవాటి అలసంద కాయలు, పచ్చిమిర్చి వాళ్ల దగ్గర దొరుకుతాయి. మీ ఊళ్లో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లూ గోంగూర తింటారు. కూర వండే తీరు వేరు గానీ ఆకు మనదే. సెప్టెంబరు చివర, బజారు కట్టేసే వేళకు వెళితే పెట్టె లెక్కన బేరమాడొచ్చు. బటర్‌నట్ గుమ్మడి మచ్చ లేనిది, తొడిమ ఊడనిది చూసి తెచ్చుకో, చల్లని పొడి చోట సంక్రాంతి దాకా నిలుస్తుంది. దప్పళంలోకి మన గుమ్మడికి ఏమీ తీసిపోదు. బంగాళదుంపలు, ఉల్లిపాయలు ఒకే బుట్టలో పెట్టకు, రెండూ చెడతాయి. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు మూత బిగుసుకునే డబ్బాల్లో పోసి చెక్క మీద పెట్టు, సిమెంటు నేల మీద పెడితే చెమ్మ లాగుతుంది.

ఐదు రోజులకు నా లెక్క ఇది. మనిషికి రోజుకు ఒక గ్యాలను మంచినీళ్లు, అంటే మీ నలుగురికి 20 గ్యాలన్లు. కొననక్కర్లేదు, శుభ్రమైన డబ్బాల్లో కుళాయి నీళ్లు పట్టి పెట్టుకో. పొయ్యి వెలిగించకుండా తినగలిగినవి ఒక పెట్టెలో విడిగా ఉంచు: అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, పల్లీలు, బెల్లం, పాలపొడి, కందిపొడి, నెయ్యి. అందులో బాబు కోసం సున్నుండలు చేసి పెట్టు. వాడుకుంటూ, వాడినది నింపుకుంటూ ఉండాలి.


డాలస్ బాబాయి:

అమ్మా, పై ఆవిడ గాలి గురించి బాగా చెప్పారు. నేను నీళ్ల గురించి చెబుతాను. మాది టెక్సస్. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, 1949 తర్వాత అంత చలి అదే. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారమే 246 మంది చనిపోయారు. ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు మన తెలుగువాళ్ల ఇళ్లెన్నిటిలోనో అటక మీద గొట్టాలు పగిలి, పైకప్పులు తడిసి ఊడి పడ్డాయి. మా పక్కింటి పిల్లల పుస్తకాలు, పెళ్లి ఆల్బం, దేవుడి పటాలు అన్నీ నీళ్ల పాలయ్యాయి.

గొట్టం ఎలా పగులుతుందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. ఒకచోట నీరు గడ్డకట్టి అడ్డుపడుతుంది. ఆ గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిలో ఒత్తిడి పెరిగిపోయి అక్కడ గొట్టం చీలుతుంది. చీలినట్టు మంచు కరిగేదాకా తెలియదు. అందుకే బాగా చలి రాత్రుల్లో బయటి గోడకు ఆనుకున్న సింకు కుళాయి సన్నని ధారగా వదలాలి, ఒత్తిడికి దారి దొరుకుతుంది. సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచితే ఇంటి వేడి గొట్టాలకు తగులుతుంది. లోపలున్న ఫినాయిలు, సబ్బుల డబ్బాలు ముందే తీసెయ్యి, మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు కదా.

అక్టోబరులోనే పెరటి కుళాయికి తగిలించిన నీళ్ల పైపు విప్పెయ్యాలి. లోపల దాని వాల్వు కట్టి, బయట కుళాయి తెరిచి మిగిలిన నీరు కారిపోనివ్వాలి. ఇంటి మొత్తానికి నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుందో మీ ఇద్దరికీ తెలియాలి, చీకట్లో కూడా చేతికి దొరకాలి. గడ్డకట్టిన గొట్టాన్ని కరిగించాల్సి వస్తే కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి హెయిర్ డ్రైయరు పట్టండి. మంట మాత్రం ఎన్నటికీ పెట్టకండి.


ఎరీ సరస్సు:

చెల్లెమ్మా, నేను ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో. 2022 క్రిస్మస్ సమయంలో వచ్చిన మంచు తుపానులో మా కౌంటీలో నలభై మందికి పైగా పోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు వేడి లేని ఇళ్లలోనే. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా మంచులో కూరుకుపోయాయి. అందుకని నేను రెండే మాటలు చెబుతాను.

మందులు. అత్తగారి మాత్రలు కనీసం రెండు వారాలవి ఎప్పుడూ మిగిలి ఉండాలి. ఊరి నుంచి తెచ్చుకునేటప్పుడే డాక్టరు చీటీతో సహా సరిపడా తెచ్చుకోమనండి. బాబుకు జ్వరం మందు కూడా.

కారు. నవంబరు నుంచి ట్యాంకు సగానికి దిగనివ్వకండి. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ సగానికి పైగా బలం కోల్పోతుంది, పాతదైతే ఇప్పుడే పరీక్ష చేయించండి. డిక్కీలో దుప్పటి, పార, ఒక సంచి ఇసుక, టార్చి, పల్లీ పట్టీలు ఉంచండి. దారిలో చిక్కుకుంటే కారు వదిలి నడవకండి. వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసి, గంటకు పది నిమిషాల చొప్పున ఇంజను నడిపి, కిటికీ కొంచెం దించుకోండి. ఇంకో మాట, బాబును కారు సీట్లో కూర్చోబెట్టేటప్పుడు ఉబ్బెత్తు కోటు తీసి బెల్టు బిగించి, ఆ పైన కోటు కప్పాలి. కోటుతో బిగిస్తే బెల్టు వదులుగా ఉండిపోతుంది.

వాతావరణం వాళ్లు వద్దన్న రోజు పాల ప్యాకెట్టు కోసం బయటికి వెళ్లకుండా ఉండడానికే ఇంట్లో పాలపొడి.


కొత్తూరు అమ్మాయి:

పిన్నిగారూ, బాబాయిగారూ, అన్నయ్యా, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అగరుబత్తితో ఇల్లంతా తిరిగాను. మీరు చెప్పినట్టే అటక మూత దగ్గర పొగ ఒక్కసారిగా వంగి చెదిరిపోయింది. యజమానికి ఫోను చేస్తే ఫర్నేసు చూసే మనిషిని వచ్చే వారం పంపుతానన్నారు. అలారం మాత్రం కింద హాల్లో ఒకటే ఉంది, పైన లేదు. అదీ చెప్పాను.

ఇంకా కొన్ని అడగాలి. అత్తగారు ఫోనులో, "కరెంటు పోతే కుంపటి పెట్టుకుంటే సరిపోతుంది కదా, బొగ్గులు కొని ఉంచండి" అంటున్నారు. కిటికీ కొంచెం తెరిచి పెట్టుకోవచ్చా? పాత డీప్ ఫ్రీజరు ఒకటి అమ్మకానికి వచ్చింది, కొనడం పొదుపేనా? ఆవిడకు బట్టలు ఎక్కడ, ఎలాంటివి కొనాలి? కరివేపాకు సంగతి మర్చిపోకండి.


పెరటి గోంగూర:

కుంపటి వద్దు. కిటికీ తెరిచినా వద్దు, వంటింట్లోనైనా వద్దు, గ్యారేజీలోనైనా వద్దు. తెనాలిలో పెంకుటింటి వసారాలో కుంపటి చుట్టూ కూర్చుంటే పొగా విషవాయువూ చూరులోంచి పోతాయి. ఇక్కడ మనం ఇప్పుడే ప్రతి సందూ మూశాం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తల బరువుగా, నిద్రమత్తుగా అనిపిస్తుంది, పడుకుంటారు, లేవరు. టెక్సస్‌లో ఆ వారం ఇలా పోయినవాళ్లూ ఉన్నారు. అత్తగారికి ఈ మాట నెమ్మదిగా, కారణంతో సహా చెప్పు. పెద్దవాళ్లకు కారణం చెబితే వింటారు. గ్యాసు ఓవెన్ తెరిచి ఇల్లు వేడి చేసుకోవడమూ అలాంటిదే, వద్దు.

కరెంటు పోతే గ్యాసు ఉన్నా ఫర్నేసు ఫ్యాను తిరగదు. అప్పుడు ఇల్లంతా కాపాడాలని చూడకు. దక్షిణం వైపున్న చిన్న గది ఒకటి ఎంచుకుని, అందరూ అందులో చేరి, తలుపు మూసి, సందుకు చీర గొట్టం పెట్టి, బొంతలు కప్పుకోండి. చాలా గ్యాసు పొయ్యిలు కరెంటు లేకపోయినా అగ్గిపుల్లతో వెలుగుతాయి, మీది వెలుగుతుందో లేదో ఇప్పుడే చూసుకో. వెలిగితే కాసిని వేడినీళ్లు, ఇంత ఉప్మా చేసుకుని ఆపేసెయ్యి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఉన్న రోజున కరెంటు కాదు, మినియాపొలిస్‌కు ఉత్తరాన కొన్ని ఊళ్లలో గ్యాసు సరఫరాయే తగ్గింది. థర్మోస్టాట్లు 63కు దించమని కంపెనీ రాష్ట్రమంతా కోరింది. అందుకే సందులు మూయడం మొదటి పని అన్నాను. వేడి ఎటు నుంచి ఆగినా, ఉన్న వేడి ఎక్కువసేపు నిలిచే ఇల్లే నిన్ను కాపాడుతుంది.

డీప్ ఫ్రీజరు మూత పైకి తెరుచుకునే రకమైతే, చిన్నదైతే కొను. చల్లగాలి కిందికి దిగుతుంది, మూత తీసినా బయటికి పోదు. కొనేముందు మూత రబ్బరులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడు. కాగితం జారి వస్తే ఆ రబ్బరు పోయినట్టే, వదిలెయ్యి. నిండుగా ఉన్న ఫ్రీజరు తెరవకుండా ఉంటే కరెంటు లేకపోయినా 48 గంటలు నిలుస్తుంది, సగమే ఉంటే 24. ఖాళీ ఉన్నచోట నీళ్ల సీసాలు కాస్త వెలితిగా నింపి పెట్టు. అందులో ఏం పెట్టాలంటే తురిమిన కొబ్బరి, చిక్కుడుకాయలు, మునగాకు, అల్లంవెల్లుల్లి ముద్ద, ఉడికించిన శనగలు. ఆఖరికి కరెంటు పోయి రెండు రోజులైతే, బయట పెట్టిన పాత్రల్లో నీళ్లు గడ్డకట్టించి ఆ గడ్డలు లోపలికి తెచ్చుకో. వంట పదార్థాలు మాత్రం ఆరుబయట పెట్టకు, జంతువులు ఊరుకోవు, ఎండ తగిలితే మెత్తబడతాయి కూడా.

దోసెల పిండి పులియదు, పెరుగు తోడుకోదు అని డిసెంబరులో మళ్లీ రాస్తావు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటి వేసి గిన్నె అందులో పెట్టు. మీట మీద కాగితం అంటించి "పిండి ఉంది" అని రాయి, మీ వారు చూడకుండా ఓవెన్ వేస్తారు.

బట్టలకు కొత్త దుకాణాల కంటే పాతబట్టల దుకాణాలే మేలు, ఇప్పుడే వెళ్లాలి. బట్ట లోపల కుట్టిన చీటీలో ఉన్ని ఎంత శాతమో చూసి కొను. లోపల పలచటి పొర, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరని కోటు. సాక్సులు నూలువి వద్దు, చెమట పట్టి తడిగా ఉండిపోతాయి. చేతులకు వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్లు తీసుకో, వేళ్లు ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. అత్తగారికి ఉన్ని సాక్సు వేసుకున్నా బొటనవేలు కదిలేంత పెద్దవి కొను. బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. అడుగు జారనిది చూసుకో, ఆ మోకాళ్లతో పడితే కష్టం. ఆవిడ మంకీ క్యాపు తెచ్చుకుంటారు కదా, ఇక్కడ దానికి మించిన టోపీ నేను చూడలేదు.

మెట్ల మీద ఉప్పు చల్లుతారు గానీ 15 డిగ్రీల కంటే దిగితే మామూలు ఉప్పు పనిచేయదు, ఇసుక చల్లు. సెయింట్ పాల్‌లో మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలి. అది ఎవరి పనో అద్దె ఒప్పందంలో చూసుకో. మీ వారికి చెప్పు, పారతో ఎత్తి పోయకుండా తోసుకుంటూ పోవాలి. ఉదయం లేవగానే తడి మంచు ఎత్తడానికి దిగకూడదు. గుండె మీద పడుతుంది. ఫర్నేసు గొట్టాలు ఇంటి పక్క గోడలోంచి బయటికి వస్తుంటే వాటి ముందు మంచు కూడా ప్రతిసారీ తీసెయ్యాలి.

కరివేపాకు. రాత్రి 50 డిగ్రీలకు దిగుతుందన్న రోజు నుంచి బయట ఉంచకు. లోపలికి తెచ్చేముందు ప్రతి రెబ్బ తిప్పి అడుగు భాగం చూడు. గోధుమరంగు పొలుసుల్లాంటివి అంటుకుని ఉంటే అవి పురుగులు, గోటితో గీకి, సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడుగు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టు, కానీ ఆకు అద్దాన్ని తాకకూడదు, వేడి గాలి వచ్చే జాలీ ఎదుట ఉండకూడదు. నీళ్లు తగ్గించెయ్యి. మట్టిలో వేలు ఒక అంగుళం దింపితే పొడిగా తగిలినప్పుడే పొయ్యి. డిసెంబరు వచ్చేసరికి ఆకులు పసుపెక్కి రాలతాయి, మోడులా నిలబడుతుంది. చచ్చిపోయిందని కంగారుపడి నీళ్లు ఎక్కువ పోసేవాళ్లే దాన్ని చంపుతారు. కొమ్మను గోటితో కొంచెం గీరి చూడు, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఎరువు మార్చి దాకా వెయ్యకు. అది మోడయ్యేలోపు సెప్టెంబరులోనే ముదురు రెబ్బలు కోసుకుని సగం కారప్పొడికి, సగం సంచిలో కట్టి ఫ్రీజరుకు.

అటక మూతకు అంచుల చుట్టూ నురుగు పట్టీ అంటించు, పై వైపున థర్మోకోల్ పలక ఒకటి కోసి అతికించు. ఇది మిగతావాటి కంటే ముందు చెయ్యి. ఆ తర్వాత షీటు వేయాల్సిన కిటికీల కొలతలు, పొడవు వెడల్పులు, ఇక్కడ రాయి. మా ఇంట్లో పోయిన ఏడాది విప్పని పెట్టెలు ఉన్నాయి, ఎన్ని కిటికీలకు వస్తాయో చూసి శనివారం బజారు దగ్గరికి తెచ్చిస్తాను.